తప్పెంతయో తెలుపు లెక్క

ప్రతిదినమును వార్తల చివర వాతావరణ సూచన చదువుట మాకు పరిపాటి. రాయలసీమ జిల్లాలలో అక్కడక్కడ వర్షము కురియు అవకాశము కలదను వాక్యము శ్రోతలలో పలువురకు కంఠస్థమై యుండును. కొంతకాలము క్రిందట ఒక శ్రోత మాకొక కార్డు వ్రాసిరి. "పడునో పడదో తేల్చి చెప్పుడు. అవకాశము కలదను మాట మాకెందులకు? పడినను మీ మాట నిజమే, పడకున్నను మీ మాట నిజమే. ఇట్టి జోస్యమును మా యూరి సోదెమ్మయు చెప్పగలదు" అని ఆయన ఆక్షేపణ. ఆయనకు ఆరెకరముల వేరుసెనగ కలదట. చెట్లు పీకి ఆరవేయుటయా, మరి నాలుగు దినములు ఆగుటయా అను సందిగ్ధములో ఆ జాబు వ్రాసిరి.

కార్డు చూచి మేము నవ్వుకొంటిమి గాని, అందలి ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. తప్పని నిరూపించుటకు వీలులేని మాట శాస్త్రమెట్లగును? దీనికి సమాధానమున్నది. ఒక్క దినమును బట్టి ఆ మాటను పరీక్షింపజాలము. అనేక దినములను బట్టి పరీక్షింపగలము. పదింట ఏడు పాళ్ళు వాన కురియునని చెప్పిన దినములను మాత్రమే ఏరి, నూరు దినములు ప్రోగుచేసి చూచినచో, వానిలో రమారమి డెబ్బది దినములు వాన కురిసి యుండవలెను. నలువది దినములే కురిసినచో చెప్పినవాడు తప్పినట్లే. తొంబదియైదు దినములు కురిసినను తప్పినట్లే! సోదెమ్మ జోస్యమునకు ఇట్టి పరీక్ష లేదు. తన మాటలో తప్పునకు ఎంత చోటున్నదో ముందుగనే కొలిచి చెప్పుట ఈ విద్యకు ప్రాణము. సంభావ్యత, సగటు, విచలనము, నమూనా అని నేడు పాఠశాలలలో పిల్లలు వల్లెవేయు మాటలన్నియు ఆ కొలతకై పుట్టినవే.

ఈ విద్య మన పూర్వులకు తెలియదా యని అడిగినచో, తెలిసినట్లు తోపించు కథ యొకటి కలదు. అరణ్యపర్వములోని నలోపాఖ్యానము నన్నయ నాటి నుండి తెలుగువారికి పరిచితమే. బాహుకుడను పేర మారురూపున నున్న నలుడు అయోధ్యాపతియగు ఋతుపర్ణుని రథమెక్కించుకొని విదర్భకు తోలుచుండగా త్రోవలో తానిచెట్టొకటి కనబడును. త్రిఫలలలో కరక్కాయతోను ఉసిరికాయతోను కలియు తానికాయ ఈ చెట్టుదే, సంస్కృతమున విభీతకమందురు. రాజు రథము దిగకయే ఆ చెట్టు ఆకులను, కాయలను లెక్క చెప్పును. రెండు కొమ్మలలో 5 కోట్ల ఆకులు, 2095 కాయలు కలవని వ్యాసభారతమునందున్నది. నలుడు నమ్మక రథమాపి, చెట్టు కొట్టి, లెక్కించి చూచును. లెక్క సరిపోవును. ఈ విద్య యెట్టిదని అడుగగా, తాను అక్షహృదయము నెరిగినవాడననియు, సంఖ్యానమునందు నిపుణుడననియు రాజు చెప్పును. నలుడు అశ్వహృదయము నిచ్చి అక్షహృదయము గ్రహించును. అంతట కలి అతని దేహమును వీడిపోవును.

పాచికల రహస్యమును, చెట్టు కాయలను లెక్కించు నేర్పును కవి ఒకే నోట ఒకే మాటలో చెప్పించుట గమనింపదగినది. ప్రాచీన కాలమున ఈ తానికాయలనే పాచికలుగా వాడుచుండిరి. ఋతుపర్ణుడు ఒక చిన్న రెమ్మను లెక్కించి, రెమ్మలెన్నియో చూచి హెచ్చించెనా? కవి చెప్పలేదు, అట్లని మన మూహింపవచ్చును. ఇయాన్ హ్యాకింగ్ అను కెనడా దేశపు తత్త్వవేత్త సంభావ్యత చరిత్రను గూర్చి 1975లో ప్రకటించిన గ్రంథమున ఈ కథను ప్రస్తావించిన పిదప పాశ్చాత్యులకు దీనిపై ఆసక్తి కలిగినది. అది చూచి సంభావ్యతా శాస్త్రమంతయు మన భారతములో నున్నదని పొంగిపోవు వారును ఉన్నారు. నాకంత ధైర్యము లేదు. చెట్టు కథ మనకు దక్కినది గాని, చేసిన లెక్క దక్కలేదు.

లెక్క దొరకినది ఫ్రాన్సు దేశమున, 1654లో. అదియు జూదము వలననే. ఇరువురు సమానముగ పందెమొడ్డి, ముందుగా మూడు ఆటలు గెలిచిన వానికి మొత్తము సొమ్మని ఏర్పరచుకొనిరి. ఆట మధ్యలో ఆగిపోయినది. అప్పటికి ఒకడు రెండు గెలిచెను, రెండవవాడు ఒకటి గెలిచెను. సొమ్మునెట్లు పంచవలెను? ఇట్టి తగవులకు ఇటలీ దేశస్థుడగు లూకా పాచోలీ 1494లో అచ్చువేసిన గణిత గ్రంథమున ఒక తీర్పు చెప్పెను. గెలిచిన ఆటలను బట్టి పంచుమనెను, అనగా ఇచ్చట రెండు పాళ్ళు ఒకనికి, ఒక పాలు వేరొకనికి. వినుటకు న్యాయముగనే యున్నది. కాని నూరు ఆటల పందెములో ఒక్క ఆట ముగియగనే ఆగిపోయినచో, ఆ ఒక్క ఆట గెలిచినవాడు సొమ్మంతయు పట్టుకొనిపోవలెనా?

ఈ చిక్కును షెవాలియె ద మేరే అను ప్రభువు బ్లెయిజ్ పాస్కల్ ముందు పెట్టెను. పాస్కల్ తులూజు నగరమున నున్న న్యాయాధికారియు, గణితజ్ఞుడును అగు పియెర్ ఫెర్మాకు జాబు వ్రాసెను. ఇరువురి నడుమ ఆ సంవత్సరము నడచిన ఉత్తరములే ఈ శాస్త్రమునకు పునాది. పాస్కల్ తీసికొన్న లెక్క మనమును చేసి చూతము. ఒక్కొక్కరు 32 బంగారు నాణెములు ఒడ్డిరి, మొత్తము 64. తరువాతి ఆట జరిగినదనుకొందము. మొదటివాడు గెలిచినచో 64 నాణెములును వానివే. ఓడినచో ఇరువురు సమానులై, చెరి 32 దక్కును. అనగా గెలిచినను ఓడినను మొదటివానికి 32 నాణెములు నిశ్చయము. తగవంతయు తక్కిన 32 నాణెములను గూర్చియే. అవి వచ్చుటకు ఎంత వీలో రాకపోవుటకును అంతే వీలు. కనుక వానిని చెరిసగము చేయవలెను. మొదటివానికి 48, రెండవవానికి 16.

కాగితము మీద ఇది చిన్న కూడిక. కాని ఇందులో చూపు త్రిప్పిన తీరు గొప్పది. పాచోలీ జరిగిపోయిన ఆటలను చూచెను. పాస్కల్ జరుగవలసిన ఆటలను చూచెను. ఇంకను జరుగని దానిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు వెలగట్టుట మానవుడు అప్పుడు నేర్చెను. రాగల ఫలములన్నిటిలో మనకు కావలసిన ఫలములెన్ని యను భాగమునకే సంభావ్యత యని పేరు. అసంభవమునకు సున్న, తప్పక జరుగుదానికి ఒకటి, తక్కినవన్నియు ఈ రెండింటి నడుమ. సంభావన యనగా నేడు పండితులకిచ్చు పైకము గుర్తుకు వచ్చుచున్నది గాని, కలుగవచ్చునని తలంచుట దాని మొదటి అర్థములలో నొకటి. పాఠ్యగ్రంథములు వ్రాసినవారు సంభావ్యత యను మాటను ఎంచుకొనుట మంచి పనియే.

నాణెమును వరుసగ ఐదు మారులు ఎగురవేయగా ఐదు మారులును బొమ్మయే పడినచో, ఆరవ మారు బొరుసు పడక తప్పదని బజారులో పందెము కాయువారు కలరు. నాణెము తాను పడిన పాటులను లెక్క పెట్టుకొనదు. ఆరవ మారును సగము సగమే. మరి చాల మారులు వేసినచో సగమునకు దగ్గరగుట యెట్లు? దీనిని గణితరీత్యా నిరూపించినవాడు స్విట్జర్లాండు దేశపు బాసెల్ నగరవాసి యాకోబ్ బెర్నూలీ. అతని గ్రంథము అతడు మరణించిన ఎనిమిదేండ్లకు, 1713లో వెలువడినది. కుండలో 3000 తెల్ల రాళ్ళు, 2000 నల్ల రాళ్ళు ఉన్నవనుకొని, తీసి చూచి మరల వేయుచు, ఎన్ని మారులు తీసినచో ఆ పాలు దాదాపు సరిగా తేలునని చెప్పవచ్చునో అతడు లెక్కించెను. 25,550 మారులు! తప్పుటకు వేయింట ఒక పాలు కూడ మిగులరాదని అతడు కోరుటచే సంఖ్య అంత పెద్దదైనది. ఎంత నమ్మకము కావలెనో ముందు చెప్పుకొని, అందులకెంత శ్రమ పడవలెనో లెక్కకట్టుట ఇదియే మొదలు.

ఇక జూదగాండ్రను విడిచి శ్మశానము దారి పట్టవలెను. అదే శతాబ్దమున లండను నగరమున వారము వారము మరణ పట్టికలు అచ్చు వేయించుచుండిరి. ఏ వ్యాధితో ఎందరు పోయిరో అందుండెడిది. జనులు దానిని కొని, మహమారి తమ పేటకు వచ్చినదా యని చూచుకొని, పారవేయుచుండిరి. దారములు, గుండీలు మొదలగు చిల్లర సరకులమ్ము జాన్ గ్రాంట్ అను వర్తకుడు మాత్రము ఏండ్ల తరబడి పట్టికలను ప్రోగుచేసి, 1662లో చిన్న పుస్తకము ప్రకటించెను. ఈ శాస్త్ర చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టుడు ఇతడే. దుకాణపు చిట్టాలు వ్రాసిన చేతితోనే ఇతడు మృత్యువు చిట్టాను చదివెను.

లండను జనసంఖ్య లక్షోపలక్షలని, పదుల లక్షలని అందరు చెప్పుకొనుచుండిరి. గ్రాంట్ కొన్ని పేటలలో విచారించి, పదునొకండు కుటుంబములకు ఏటేట మూడు మరణములు సంభవించుచున్నవని కనుగొనెను. నగరమున ఏటికి 13,000 ఖననములు. కావున కుటుంబములు సుమారు 48,000. కుటుంబమునకు, నౌకరులను కలుపుకొని, ఎనిమిది మందియనుకొన్నచో 3,84,000 జనులు. ఋతుపర్ణుడు తానిచెట్టు క్రింద దాచియుంచిన లెక్కను గ్రాంట్ అందరి యెదుట చేసి చూపెను. అందువలన ఇతరులు దానిని దిద్దుటకు వీలు కలిగినది.

ఆ పట్టికలెట్లు తయారయ్యెడివో అతడెరుగును. శవమును చూచి రోగము పేరు చెప్పుటకు పేటకొకరు ఇద్దరు వృద్ధస్త్రీలుండెడివారు. ఒక గ్లాసు కల్లు వంటి పానీయము, నాలుగు కాసులు ముట్టినచో రోగము పేరు మారిపోయెడిది. ఇంట మహమారి కలదని తెలిసినచో ఇల్లు మూసివేయుదురను భయమొకటి. అందుచేత అతడు రోగముల పేర్లను నమ్మలేదు. 1625వ సంవత్సరపు పట్టికలో మహమారికి 35,417 మంది, తక్కిన రోగములకు 18,848 మంది అని యున్నది. తక్కిన రోగములకు మామూలు సంవత్సరములలో పోవువారు ఏడెనిమిది వేలు. మిగిలిన 11,000 మంది ఏమైరి? వారును మహమారికే బలియైరనియు, వ్రాసిన దానికంటె చచ్చినవారు నాలుగవ వంతు ఎక్కువయనియు గ్రాంట్ తేల్చెను.

ఈ లెక్క మనకు దూరపుది కాదు. కోవిడ్ వ్యాపించిన కాలమున ప్రపంచమంతట చేసిన అధిక మరణముల లెక్క గ్రాంట్ లెక్కయే. మన దేశమున 2019లో నమోదైన మరణములు సుమారు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో ఒక కోటి 2 లక్షలు. కోవిడ్ మరణములుగా 2021 చివరకు ప్రభుత్వ లెక్కలో చేరినవి 5 లక్షలలోపు. ఆ రెండేండ్లలో మామూలు కంటె హెచ్చుగా 47 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసినది. ఆ పద్ధతిని భారత ప్రభుత్వము అంగీకరింపలేదు. నమోదు ఏటేట మెరుగగుటచే పెరిగినదెంత, రోగముచే పెరిగినదెంత యనుట నిజముగ కష్టమైన ప్రశ్న. ఆ సంస్థ తన సంఖ్యకు ఇరువైపుల హద్దులు కూడ చూపినది: 33 లక్షలు మొదలు 65 లక్షల వరకు. పత్రికల శీర్షికలలో 47 మాత్రమే మిగిలినది, హద్దులు జారిపోయినవి. మా వార్తలలోను అట్లే జరుగుచుండును. సమయము చాలదను సాకు ఎప్పుడును ఉండనే యున్నది.

సంఖ్య చుట్టును హద్దు గీయుట నేర్పినవారు ఖగోళ శాస్త్రజ్ఞులు. ఒకే నక్షత్రమును పదిమారులు కొలిచిన పది విధముల వచ్చును. ఏది నిజము? అన్నిటిని కలిపి భాగించి సగటు తీసిరి. తప్పులు చిన్నవి ఎక్కువగను, పెద్దవి అరుదుగను, ఇరుప్రక్కల సమముగను వచ్చునని గౌస్ 1809లో దానికొక సూత్రము కట్టెను. గంట ఆకారపు వంపు రేఖ యని కళాశాలలలో చూపునది దానినే. పిదప బెల్జియము దేశస్థుడు కెత్లే 1835లో ఆ సగటును మనుష్యులకు అంటగట్టి, సగటు మానవుడను బొమ్మను నిలబెట్టెను. నక్షత్రమునకు నిజమైన స్థానమొకటి కలదు, కొలతలలోనే తేడాలు. మనుష్యులలో తేడాలే నిజము. సగటు మనుష్యుని ఎవరును చూడలేదు. ఈ భేదము మరచుట వలన పెక్కు అనర్థములు కలిగినవి.

ఏటి లోతు సగటు కట్టి, మొలబంటియే గదా యని పిల్లలతో దిగి, నడుమ మడుగులో మునిగిన లెక్కల ఆసామి కథ మన దేశమున పలు భాషలలో నున్నది. మునిగిన పిదప గట్టున కూర్చుండి మరల లెక్క చూచుకొన్నాడట. లెక్కలో తప్పు లేదట! ఆ ఆసామికి లోపించినది విచలనమను ఊహ. దానిని పొలములోనే చూతము. ఒక యూరిలో ఎల్ల చేలును ఎకరమునకు 25 బస్తాలు పండినవి. ప్రక్క ఊరిలో సగము చేలు 40, సగము చేలు 10 పండినవి. సగటు రెండు ఊళ్ళకును 25 బస్తాలే. మొదటి ఊరిలో సగటునుండి తొలగుట సున్న. రెండవ ఊరిలో ప్రతి చేను 15 బస్తాల దూరమున నున్నది. ఆ దూరములను వర్గము చేసి, సగటు తీసి, వర్గమూలము కట్టుట ప్రామాణిక విచలనము. ఇచ్చట అది 15. ఈ పేరును 1890ల తొలి భాగమున వాడుకలోనికి తెచ్చినవాడు లండను ఆచార్యుడు కార్ల్ పియర్సన్. అన్నిటిని వరుసలో నిలిపి సరిగా నడుమనున్న దానిని ఎంచుట మధ్యగతము. ఒక వీధిలో తొమ్మండుగురు కూలీలును ఒక మిల్లు యజమానియు నున్నచో, వీధి ఆదాయమునకు సగటు కంటె మధ్యగతమే నిజము పలుకును. అన్నిటికంటె ఎక్కువ మారులు కనబడునది బాహుళకము. దానిని చెప్పుల దుకాణము వారు పేరు తెలియకయే వాడుదురు.

ఇక నమూనా. అన్నము ఉడికినదా యని చూచుటకు ఒక్క మెతుకు చాలునని మన ఇంటి ఆడువారెరుగుదురు. కాని కుండను కలియబెట్టి చూచిననే ఆ మెతుకు మాట నమ్మదగినది. కలియబెట్టక చూచినవారి గతి 1936లో అమెరికాలో వెల్లడియైనది. లిటరరీ డైజెస్ట్ అను పత్రిక ఆ యేటి అధ్యక్ష ఎన్నికలకు ముందు కోటి కార్డులు పంపి, 23 లక్షలకు పైగా జవాబులు రాబట్టి, లాండన్ గెలుచునని ప్రకటించెను. 48 రాష్ట్రములలో 46 రూజ్‌వెల్టు గెలిచెను. పత్రిక చిరునామాలను టెలిఫోను జాబితాలనుండి, మోటారుకార్ల జాబితాలనుండి గ్రహించినది. ఆ కరవు కాలమున అవి ఉన్నవారెవరో చెప్పనక్కరలేదు. పైగా పంపిన కోటిలో పనిగట్టుకొని జవాబిచ్చినవారే లెక్కకు వచ్చిరి. దానికంటె మిక్కిలి తక్కువ మందిని అడిగిన గాలప్ గెలుపెవరిదో సరిగా చెప్పగలిగెను. పత్రిక రెండేండ్లలో మూతపడినది.

ఈ వృత్తాంతము చదివినప్పుడెల్ల నాకు మా బల్లమీది ఉత్తరముల కట్ట గుర్తుకు వచ్చును. ఒక నాటకము ప్రసారమైన పిదప ముప్పది ఉత్తరములు మెచ్చుకొనుచు వచ్చినచో, శ్రోతలందరు మెచ్చిరని మురిసిపోవుదుము. వ్రాసినవారు వ్రాయవలెనని తోచినవారు. విని విసిగి రేడియో కట్టివేసినవాడు కార్డు వ్రాయడు. నచ్చి, కూలిపనికి వేళయైనదని లేచిపోయినవాడును వ్రాయడు. ఇన్నేండ్ల ఉద్యోగములో ఈ సంగతి తెలిసియు ఆ కట్టను చూచి కార్యక్రమములు మార్చుచునే యున్నాము.

కలియబెట్టుటకే యాదృచ్ఛికమని పేరు. అది ఇష్టము వచ్చినట్లు ఎంచుట కాదు. ఎంచువాని ఇష్టమునకు చోటివ్వకుండుట. మనుష్యుని చేతికి స్వేచ్ఛ యిచ్చినచో అది ఏపుగా నున్న మొక్క వైపునకే పోవును. అందుచేతనే అంకెల పట్టికలను ముందుగా అచ్చువేసి, అవి చూపిన చోటికే పోవలెనని నియమము పెట్టిరి. అట్టి పట్టికను టిప్పెట్ అను ఆంగ్లేయుడు 1927లో మొదటగా ప్రకటించెను.

దీనిని దేశవ్యాప్తమగు పనిగా మార్చి ప్రపంచమునకు చూపినది భారతదేశమే. ప్రశాంత చంద్ర మహలనోబిస్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక శాస్త్రాచార్యుడు. 1915లో కేంబ్రిడ్జి నుండి తిరిగి వచ్చుచు ఓడలో పియర్సన్ పత్రిక సంపుటములను చదివి ఈ శాస్త్రమునకు వశుడయ్యెను. 1931లో ఆ కళాశాలలోనే ఒక గదిలో భారత సాంఖ్యక సంస్థ వెలసినది. 1933లో ఆయన ప్రారంభించిన పత్రిక పేరు 'సాంఖ్య'. సంఖ్య యనునర్థమును, యథార్థ జ్ఞానమను అర్థమును ఒకే మాటలో ఇముడుటచే ఆయనకా పేరు నచ్చెను.

వంగదేశమున జనపనార పంట ఎంతయో తెలియుట అప్పుడు వర్తకులకును ప్రభుత్వమునకును అవసరము. మహలనోబిస్ 1937 మొదలు చిన్న ప్రయత్నములు చేసి, 1941లో రాష్ట్రమంతటను నమూనా పద్ధతిని నడిపెను. అదే సంవత్సరము ప్రభుత్వము ప్రతి మడిని విడువక లెక్కించెను. నమూనా లెక్కలో 75 లక్షల బేళ్ళు తేలినవి. ప్రతి మడి లెక్కలో 63 లక్షలు. ఏది నిజము? జనపనార ఇంట దాచుకొని తినునది కాదు. మిల్లులకు పోవును, లేదా ఓడ యెక్కును. వర్తకుల లెక్కలు కూడి చూడగా 75 లక్షలు దాటినది! అన్నిటిని లెక్కించినవారు పండ్రెండు లక్షల బేళ్ళు పోగొట్టిరి. కొన్నిటిని లెక్కించినవారు నిజమును పట్టుకొనిరి. కారణము కష్టమైనది కాదు. వేలకొలది తాత్కాలిక నౌకరులు, శిక్షణ లేదు, పరిశీలన లేదు, ఎండలో చేలగట్లు త్రొక్కుటకంటె చెట్టు నీడను కూర్చుండి కాగితము నింపుట సుఖము. నమూనాకు కొలదిమంది చాలుదురు. వారికి నేర్పవచ్చును, వారిపై కన్ను వేయవచ్చును.

ఆ సంస్థలో 1941 జనవరిలో చేరిన తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణరావు. 1920లో నాటి బళ్ళారి జిల్లా హూవినహడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితపట్టము పొంది, యుద్ధకాలపు ఉద్యోగమునకై కలకత్తా పోయి, అది దొరకక, ఈ సంస్థలో చేరిరి. కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు అప్పుడు సమాధానము తోచలేదట. ఆ రాత్రియెల్ల కూర్చుండి సాధించి, మరునాడు తరగతిలో చెప్పిరి. 1945లో అచ్చైన ఆ ఫలితము నేడు క్రామెర్–రావు హద్దు అను పేర ప్రపంచమంతట బోధింపబడుచున్నది. ఇంత సమాచారమునుండి, ఎంత నేర్పరియైనను, నిష్పక్షపాతముగ కట్టిన అంచనాలో ఇంతకంటె తప్పును తగ్గింపజాలడని అది చెప్పును. అనగా తప్పునకు అడుగు హద్దు. రావుగారు 2023లో అమెరికాలో, నూట మూడవ జన్మదినమునకు కొలది దినములు ముందుగా, కన్నుమూసిరి. అదే యేడు సాంఖ్యక శాస్త్రమున అంతర్జాతీయ పురస్కారము వారిని వరించినది.

జనపనార చేలలో పుట్టిన ఆ పద్ధతి నేడు మన గ్రామములలో పంటకోత ప్రయోగమను పేర నడచుచున్నది. యాదృచ్ఛికముగ వచ్చిన సర్వే నంబరు చేనికి పోవుదురు. పట్టిక చెప్పినన్ని అడుగులు పొడవునను, వెడల్పునను నడచి కర్ర పాతుదురు. వరియైనచో అచ్చటనుండి 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పుగల ముక్కను త్రాడుతో కొలిచి, కోసి, నూర్చి, తూచుదురు. గీత మీదనున్న దుబ్బు లోపలిదా వెలుపలిదా యను చోట చేయి లోపలికే లాగును. నమూనా ముక్క చిన్నదైన కొలది ఈ గీత మీది దుబ్బుల ప్రభావము హెచ్చి, దిగుబడి ఉన్నదానికంటె ఎక్కువగ కనబడును. చిన్న ముక్కలు చాలునను మహలనోబిస్‌కును, పెద్ద ముక్కలు కావలెనను సుఖాత్మేకును నడిచిన వాదమునకు మూలము ఈ గీత మీది దుబ్బే.

1999–2000 రబీ నుండి నడచిన జాతీయ వ్యవసాయ బీమా పథకములోను, 2016లో వచ్చిన ఫసల్ బీమా పథకములోను పరిహారమునకు ఈ కోతలే ఆధారములు. వడగండ్ల వాన వంటి కొన్నిటికి చేనును విడిగా చూచు ఏర్పాటున్నను, సామాన్యముగ చూచునది ఆ ప్రాంతపు సగటునే. ఇచ్చట ఆ రెండవ ఊరిని మరల తలచుకొనవలెను. మురుగుకాలువ ప్రక్క పల్లపు చేలలో 10 బస్తాలు, మెరకను 40 బస్తాలు. కోతలు రెండు మెరకను, రెండు పల్లమున పడినవి. సగటు 25. గత సంవత్సరములను బట్టి కట్టిన హద్దు 22 బస్తాలైనచో ఊరిలో ఎవరికిని పరిహారము లేదు. పల్లపు రైతు వచ్చి అడుగును. అధికారి కాగితము చూపును. కాగితములో తప్పు లేదు. ఆ నాలుగు తూకములను విడివిడిగా గోడకు అంటించినచో, రైతుకు తన చేను ఏ వరుసలో నున్నదో తెలియును, అడుగుటకు ఆధారము దొరకును. అందులకయ్యెడి ఖర్చు ఒక కాగితము.

కార్డు వ్రాసిన శ్రోతకు నేను జాబు వ్రాసితిని. ఒక వానకారు పొడుగున గోడమీది క్యాలెండరులో ప్రతి తేదీ ప్రక్కన మేము చెప్పినదొక గుర్తుగను, కురిసినదొక గుర్తుగను పెట్టుమని కోరితిని. అట్లే చేయుదునని ఆయన మరల కార్డు వ్రాసిరి. అవకాశము కలదను మాటలో ఎన్ని పాళ్ళున్నవో మేమును చెప్పవలెనని అందొక షరతు పెట్టిరి. ఆయన అడిగినది న్యాయము. చదువువేళ ఆ పాళ్ళు మా చేతికి వచ్చు కాగితములో ఇంకను కొన్ని దినములుండును, కొన్ని దినములుండవు.